గ్యాస్ బిళ్ళ ఎన్నాళ్ళు వేసుకోవచ్చు? కడుపు క్యాన్సర్ తొలి గుర్తులు ఇంట్లోనే ఎలా పట్టుకోవాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది మందుల షాపు. నాన్నగారి తర్వాత నేను చూసుకుంటున్నాను. జ్వరం బిళ్ళల తర్వాత మా దగ్గర ఎక్కువగా పోయేవి గ్యాస్ బిళ్ళలే. కాశీనగర్ వైపు పల్లెల వాళ్ళు, ఏరు దాటి ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళు, కొండ దిగి సంతకి వచ్చినవాళ్ళు, అందరూ కడుపులో ఏ తేడా వచ్చినా గ్యాస్ అనే అంటారు. గుండెల్లో మంటా గ్యాసే, తేన్పులూ గ్యాసే, అన్నం సయించకపోవడమూ గ్యాసే. చాలామందికి అది నిజంగానే ఎసిడిటీయో, మామూలు అల్సరో అయి ఉంటుంది. వాళ్ళలో కలిసిపోయి వచ్చే కొద్దిమంది కడుపు క్యాన్సర్ వాళ్ళ గురించే ఇది రాస్తున్నాను. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. రోగం ఏమిటో తేల్చే పని నాది కాదు. ఎవరు కొన్నాళ్ళు ఆగొచ్చు, ఎవరు ఆగకూడదు అన్నది మాత్రం కౌంటర్ ఇవతల నిలబడి కూడా అడిగి తెలుసుకోవచ్చు, ఇంట్లో మీరూ తెలుసుకోవచ్చు.

ముందు ఒక గడువు పెట్టుకోండి: రెండు వారాలు. గ్యాస్ బిళ్ళ రెండు వారాలు వేసుకున్నా తగ్గకపోయినా, ఆపగానే మళ్ళీ మొదలైనా, ఇక షాపుకి రాకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మా దగ్గర జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

"బాబూ, ఆ గ్యాస్ బిళ్ళలు రెండు షీట్లు ఇయ్యి."

"ఎన్నాళ్ళ నుంచి వాడతన్నావు మావా?"

"ఎన్నాళ్ళేటి, దీపావళి కాడ్నుంచీ. ఏసుకుంటే తగ్గిపోతంది కదా."

ఆయన ఈ మాట అన్నది ఎండలు ముదిరాక. "వేసుకుంటే తగ్గిపోతోంది కదా" అన్న మాట మీదే నేను అందరితో ఎక్కువగా వాదిస్తాను. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తాయి. కడుపులో ఉన్నది క్యాన్సర్ పుండే అయినా, దాని మీద పడే ఆమ్లం తగ్గితే మంట తగ్గుతుంది. ఒక్కోసారి ఆ పుండు పైపైన మానినట్టు కూడా అవుతుంది. లోపల పెరిగేది పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి బిళ్ళతో మంట తగ్గిందంటే ఆమ్లం తగ్గిందని మాత్రమే అర్థం. ఇంకే భరోసా దాని నుంచి రాదు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. కడుపు క్యాన్సర్ బాగా మొదట్లో ఉన్నప్పుడు చాలామందికి ఏ గుర్తూ ఉండదు. దక్షిణ కొరియాలో ఈ జబ్బు ఎక్కువ కాబట్టి అక్కడ 40 దాటిన వాళ్ళకి రెండేళ్ళకోసారి ప్రభుత్వమే కడుపు పరీక్ష చేయిస్తుంది. జపాన్‌లోనూ ఇలాంటి పరీక్షలున్నాయి. మన దేశంలో ప్రభుత్వం స్క్రీనింగ్ చేసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే. కడుపుకి అలాంటిది లేదు. కాబట్టి మనకున్న దారి ఒక్కటే, చిన్న తేడా కనిపించినప్పుడే పట్టించుకోవడం.

కంచం దగ్గర కనిపించేవి

నొప్పి కంటే ముందు కంచం చెబుతుంది. ఎప్పుడూ తినే గిన్నెడు అన్నం సగంలోనే ఆపేసి "కడుపు నిండిపోయింది" అనడం మొదలుపెడితే గమనించండి. ఇది తినేవాళ్ళ కంటే వడ్డించేవాళ్ళకే ముందు తెలుస్తుంది. కడుపు గోడలో గడ్డ పాకితే ఆ గోడ గట్టిపడి, అన్నం పడినప్పుడు సాగాల్సినంత సాగదు. అందుకే నాలుగు ముద్దలకే నిండినట్టు అనిపిస్తుంది. పెళ్ళి భోజనంలో ఒకరోజు తక్కువ తినడం వేరు. వారాల తరబడి ఇంట్లో కంచం చిన్నదవుతూ రావడం వేరు. పెద్దవాళ్ళయితే "వయసు మీద పడింది, ఎంత తింటాంలే" అని తోసేస్తారు. వయసుతో ఆకలి తగ్గడం నిజమే, కానీ అది ఏళ్ళ మీద మెల్లగా తగ్గుతుంది, రెండు నెలల్లో సగానికి పడిపోదు.

కొందరికి చేప, మాంసం వాసన పడకుండా పోతుంది. కొందరికి తిన్న తర్వాత పై కడుపు బరువెక్కి, వికారంగా ఉంటుంది. నిన్న సాయంత్రం తిన్నది ఇవాళ పొద్దున్న అరగకుండా వాంతిలో పడితే అది మామూలు అజీర్తి కాదు. కడుపు నుంచి పేగులోకి వెళ్ళే దారి ఇరుకైందేమో చూడాలి. అన్నం ముద్ద గానీ చపాతీ ముక్క గానీ రొమ్ము ఎముక వెనకాల ఆగినట్టు అనిపించి, నీళ్ళు తాగితేనే దిగుతుంటే కడుపు పై ద్వారం దగ్గర గానీ అన్నవాహికలో గానీ అడ్డు ఉండొచ్చు. మింగడం కష్టమైతే రెండు వారాల గడువు కూడా వద్దు, ఆ వారమే చూపించుకోవాలి.

నొప్పి గురించి ఎక్కువ రాయను. అది నమ్మదగ్గ సాక్షి కాదు. మామూలు అల్సర్ భరించలేనంత నొప్పి పెట్టొచ్చు, క్యాన్సర్ ఏ నొప్పీ లేకుండా ఉండొచ్చు.

మొలతాడు, గాజులు

షాపు ముందు బరువు మిషన్ పెట్టాను. ఎవరైనా ఎక్కొచ్చు, డబ్బులు తీసుకోను. అయినా పల్లె నుంచి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి పోయినేడు తమ బరువెంతో తెలీదు. అందుకని వేరే రకంగా అడుగుతాను. మొలతాడు జారుతోందా, బెల్టుకి కొత్తగా కన్నం పొడిపించారా, జాకెట్టు భుజం మీద నిలుస్తోందా, గాజులు మోచేతి దాకా ఎక్కుతున్నాయా? ఉంగరానికి దారం చుట్టి పెట్టుకున్న పెద్దాయనని చూస్తే అడగకుండా ఉండలేను. కావాలని తిండి తగ్గించకుండా, కొత్తగా కష్టం పెరగకుండా, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతం పోతే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. షుగర్ ఉన్నవాళ్ళు "షుగర్ వల్లే చిక్కిపోతున్నాను" అనుకుంటారు. షుగర్ అదుపులోనే ఉండి బరువు పోతుంటే కారణం వేరే ఎక్కడైనా ఉందేమో చూడాలి.

దొడ్డికి వెళ్ళినప్పుడు ఒక్కసారి చూడండి

ఇది అడగడానికి సిగ్గు, చెప్పడానికి ఇంకా సిగ్గు. కానీ అన్నిటికంటే గట్టి గుర్తు ఇదే. కడుపులో పుండు నుంచి రక్తం కొద్దికొద్దిగా కారితే అది ఎర్రగా బయటికి రాదు. పేగుల్లో ప్రయాణం చేసేసరికి నల్లగా మారుతుంది. రోడ్డు వేసే తారులా నల్లగా, మెరుస్తూ, జిగటగా ఉంటుంది. నీళ్ళు పోసినా బేసిన్‌ని పట్టుకుని ఓ పట్టాన వదలదు. వాసన కూడా మామూలు వాసన కాదు, ఒకసారి తెలిసినవాళ్ళు మళ్ళీ పోల్చుకుంటారు. పొలం గట్టుకో తోటలోకో వెళ్ళే అలవాటున్న పెద్దవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నా లైటు సరిగ్గా ఉండదు. టార్చి పట్టుకుని అయినా వరసగా రెండు మూడు రోజులు చూడమని చెబుతాను.

నల్లగా ఉన్నవన్నీ రక్తం కాదు. ఐరన్ బిళ్ళలు వాడేవాళ్ళకి నలుపులో కాస్త ఆకుపచ్చ కలిసిన రంగులో వస్తుంది, కానీ గట్టిగానే ఉంటుంది, జిగురూ ఆ వాసనా ఉండవు. బిస్మత్ ఉన్న కడుపు మందులతోనూ నల్లబడుతుంది. ఈ మందులేవీ లేకుండా తారులా వస్తే, లేదా వాంతిలో ఎర్ర రక్తం గానీ కాఫీ పొడి లాంటి నల్లటి నలుసులు గానీ కనిపిస్తే ఆస్పత్రికి అప్పటికప్పుడే బయల్దేరాలి, తెల్లారేదాకా ఆగడం కూడా తప్పే. కళ్ళు తిరగడం, ఒళ్ళు చల్లబడి చెమటలు పట్టడం తోడైతే మరీను. అది క్యాన్సరే అయి ఉండాలని లేదు. మోకాళ్ళ నొప్పులకని ఏళ్ళ తరబడి డైక్లోఫెనాక్ లాంటివి మింగేవాళ్ళకి, గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్ళకి అల్సర్ నుంచి కూడా ఇలాగే రక్తం పోతుంది. ఏదైనా సరే ప్రాణం మీదికి వస్తుంది.

రక్తం అంత తక్కువగా, కంటికి కనపడకుండా పోతున్నప్పుడు తెలిసేది రక్తహీనతగా. ఇక్కడ మా వైపు పెద్ద చిక్కుంది. నీరసం అనగానే పల్లెలో వైద్యం చేసే ఆయన సెలైన్ పెట్టేస్తాడు, తర్వాత బలానికని ఎర్ర టానిక్ సీసా. నెల రోజులు కాస్త ఓపిక వచ్చినట్టుంటుంది, మళ్ళీ మామూలే. నెలసరి ఉన్న ఆడవాళ్ళకి ఐరన్ తక్కువ కావడానికి కారణాలు చాలా ఉంటాయి. ఒడిశాలో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు కూడా ఎక్కువే, నులిపురుగులూ ఉన్నాయి. కానీ మగవాళ్ళకి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి ఐరన్ తక్కువై రక్తం పడిపోతే, ఆ రక్తం ఎక్కడికి పోతోందన్న ప్రశ్న రావాలి. కడుపూ పేగులూ చూడకుండా టానిక్‌తో సరిపెట్టడం నాకు అస్సలు నచ్చదు. రెండు మెట్లెక్కితే ఆయాసం, పాలిపోయిన కనురెప్పల లోపలి భాగం, పచ్చి బియ్యమో మట్టో తినాలనిపించడం, ఇవన్నీ ఐరన్ తగ్గిందనడానికి గుర్తులే.

మా షాపుకి వచ్చే ఒక ఆటో అతనికి దొరికింది ఇలాగే. కడుపు నొప్పి లేదు, మంట లేదు. టానిక్ కోసం వస్తుండేవాడు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 7 అని ఉంది. మగాడివి, నీకు 7 ఏమిటని బరంపురం పంపించాం. ఎండోస్కోపీలో, అంటే గొంతులోంచి కెమెరా దింపి చూసే పరీక్షలో, చిన్న పుండు కనిపించింది. అక్కడ తీసిన ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. పాకక ముందే దొరకడంతో ఆపరేషన్ చేశారు. కడుపు చాలావరకు తీసేశారు కాబట్టి బి12 విటమిన్ ఇంజెక్షన్ కోసం ఇప్పటికీ వస్తుంటాడు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తింటాడు, ఆటో నడుపుకుంటున్నాడు.

పొట్ట మీద చేతికి తగిలే గడ్డ, పొట్టలో నీరు చేరడం, కామెర్లు, ఎడమ వైపు కాలర్ బోన్ పైన ఉండ, ఇవి తొలి గుర్తులు కావు. అంతదాకా రానివ్వకూడదు.

ఎవరు ఇంకా తొందరపడాలి

కడుపు క్యాన్సర్ ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. విదేశీ పద్ధతుల్లో కొత్తగా అజీర్తి మొదలైతే 55 లేదా 60 ఏళ్ళు దాటిన వాళ్ళకి ఎండోస్కోపీ అంటారు. మన దగ్గర చాలామంది డాక్టర్లు 40, 45 దాటగానే చూద్దాం అంటారు. పైన చెప్పిన గుర్తుల్లో ఏదైనా ఉంటే వయసుతో పనే లేదు. అమ్మా నాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే, ఎప్పుడో అల్సర్ ఆపరేషన్‌లో కడుపు కొంత తీసేసి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి.

కడుపు క్యాన్సర్‌కి పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. కడుపు ఆమ్లంలో క్రిములు బతకవని అందరూ నమ్మే రోజుల్లో ఆస్ట్రేలియాకి చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ బాక్టీరియాని తానే తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన దేశంలో పెద్దవాళ్ళలో చాలామంది కడుపుల్లో ఇది ఉంటుంది. వాళ్ళలో క్యాన్సర్ వచ్చేది కొద్దిమందికే, కాబట్టి రిపోర్టులో ఆ పేరు చూసి టెన్షన్ పడక్కర్లేదు. మందులతో పోతుంది.

తిండి సంగతికొస్తే అందరూ కారాన్ని తిడతారు. ఉప్పు మీద, పొగాకు మీద ఎవరికీ అనుమానం రాదు. ఉప్పు దట్టించి ఎండబెట్టిన చేప, పొగబెట్టిన మాంసం, ఉప్పులో ఊరిన పచ్చళ్ళు రోజూ పెద్ద మోతాదులో తినడం కడుపు క్యాన్సర్‌కి కారణాల్లో ఒకటి. ఎండు చేప మానేయమంటే ఇక్కడ నన్ను ఊళ్ళోంచి పంపేస్తారు. రోజూ వద్దు, వండే ముందు బాగా నానబెట్టి ఉప్పు వదిలించండి అంటాను. పొగాకు దగ్గర మాత్రం బేరం లేదు. బీడీ, చుట్ట తాగేవాళ్ళకి కడుపు క్యాన్సర్ ముప్పు ఎక్కువని స్పష్టంగా తెలుసు. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మా ముసలమ్మలకి అంగిట్లో క్యాన్సర్ వస్తుందని తెలుసు కానీ, ఆ పొగ అక్కడితో ఆగదని తెలీదు. ఖైనీ, పళ్ళకి రుద్దే గుడాఖు కూడా పొగాకే.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు

వెళ్ళి "గ్యాస్ అండీ" అనొద్దు. ఓపీలో మనకి దొరికేది రెండు నిమిషాలు, పైగా బరంపురంలో చాలామంది డాక్టర్లు ఒడియాలో అడుగుతారు. తడబడి గ్యాస్ అంటే గ్యాస్ బిళ్ళే రాసిస్తారు, వాళ్ళ తప్పు కాదు. ఒక కాగితం మీద రాసుకెళ్ళండి: ఎప్పటి నుంచి, ఏ బిళ్ళ ఎన్నాళ్ళు వాడారు, బరువెంత తగ్గింది, దొడ్డి రంగు, వాంతులు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా, నొప్పి బిళ్ళలు ఏవి వాడతారు. పాత మందుల షీట్లు పారేయకుండా సంచిలో వేసుకెళ్ళండి. తర్వాత మీరే అడగండి, "ఎండోస్కోపీ అవసరమా?" అని. అడిగితే ఎవరూ కోప్పడరు.

స్కానింగ్ నార్మల్ వచ్చిందని ఊరుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. పొట్ట మీద జెల్ రాసి చేసే అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో రాళ్ళు, లివర్ బాగా కనిపిస్తాయి. కడుపు లోపలి పొరలో చిన్న పుండు కనిపించదు. రక్తంలో క్యాన్సర్ మార్కర్లంటూ చేసే పరీక్షలూ తొలి దశని పట్టుకోవడానికి పనికిరావు. లోపలికి కెమెరా వెళ్ళి చూసి, ముక్క తీయాల్సిందే.

మా జిల్లా నుంచి ఎక్కువమంది బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి వెళ్తారు. కొందరు శ్రీకాకుళం, విశాఖ కేజీహెచ్ పోతారు. కార్డుల గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆంధ్రా వాళ్ళకే. అల్లుడిది పాతపట్నమైనా అత్తగారికి అది పనిచేయదు. ఒడిశా 2025లో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఆ కార్డు వేరే రాష్ట్రంలో కూడా ఆ పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో చెల్లుతుంది. మీరు వెళ్ళే ఆస్పత్రి ఆ పథకంలో ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఈ పథకం ప్రధానంగా అడ్మిట్ అయి చేయించుకునే వైద్యానికి. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేసే ఎండోస్కోపీకి చేతి డబ్బు పెట్టుకోవాల్సి రావచ్చు.

ఎండోస్కోపీ అంటే భయపడేవాళ్ళకి: 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. గొంతులో మొద్దుబారే స్ప్రే కొడతారు, చేదుగా ఉంటుంది. ఎడమ పక్కకి పడుకోబెట్టి వేలి మందం ట్యూబు దింపుతారు. ఓకరింపు వస్తుంది, ఊపిరి మాత్రం ఆగదు, ముక్కుతో నిదానంగా తీసుకుంటూ ఉండాలి. మామూలుగా 5, 10 నిమిషాల్లో అయిపోతుంది. ముక్క తీసినా నొప్పి తెలీదు. గొంతు తిమ్మిరి పోయేదాకా నీళ్ళు తాగొద్దు, పొలమారుతుంది. షుగర్ మందులు వాడేవాళ్ళు ఆ పొద్దున్న వేసుకోవాలా వద్దా, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆపాలా వద్దా అన్నది ముందురోజే అడగాలి. సొంతంగా ఆపొద్దు.

ముక్క తీశారంటే క్యాన్సర్ అన్నట్టు కాదు, అనుమానం తీర్చుకోవడానికి తీస్తారు. ఆ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. మళ్ళీ అంత దూరం వెళ్ళాలని కొందరు దాన్ని అక్కడే వదిలేస్తారు. ఫోన్ నంబర్ ఇచ్చి, తేదీ రాయించుకుని రండి, ఆ రోజు ఎవరో ఒకరు వెళ్ళి తెచ్చుకోండి. మామూలు కడుపు పుండే అని వచ్చినా మందులు వాడాక, సుమారు 8 వారాలకి మళ్ళీ చూసి మానిందో లేదో నిర్ధారించుకోమంటారు. మంట తగ్గింది కదా అని దాన్ని ఎగ్గొట్టొద్దు.

పైలోరీ ఉందని తేలితే రెండు మూడు రకాల యాంటీబయాటిక్‌లూ గ్యాస్ బిళ్ళా కలిపి సాధారణంగా 14 రోజులు రాస్తారు. నోరు చేదెక్కుతుంది, కడుపు తిప్పుతుంది. నాలుగో రోజే సగం మందులు వెనక్కి తెచ్చి డబ్బులు అడిగేవాళ్ళు ఉంటారు. నేను తీసుకోను, పూర్తిగా వేసుకోమంటాను. మధ్యలో ఆపితే బాక్టీరియా పూర్తిగా చావకపోవచ్చు, తర్వాత ఆ మందులకి లొంగకపోవచ్చు. కోర్సు అయ్యాక కనీసం 4 వారాలు ఆగి, పోయిందో లేదో ఊపిరి పరీక్షతో గానీ మల పరీక్షతో గానీ చూస్తారు. ఆ పరీక్షకి రెండు వారాల ముందు నుంచి గ్యాస్ బిళ్ళ ఆపి ఉండాలి, లేకపోతే బాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించొచ్చు. ఆ రెండు వారాల్లో మంటొస్తే ఏ సిరప్ తాగొచ్చో డాక్టర్ చేత చీటీ మీదే రాయించుకుని రండి.